నెల తప్పకముందే మొదలైన పని

నాకు టైప్ 1 డయాబెటిస్. బడికి వెళ్లే వయసులోనే వచ్చింది. ఒంట్లో ఇన్సులిన్ తయారు కాదు కాబట్టి తిన్నప్పుడల్లా ఒక ఇంజెక్షన్, రాత్రికి ఒకటి, మధ్యమధ్యలో వేలు గుచ్చి షుగర్ చూసుకోవడం. ఇవన్నీ ఎప్పుడో అలవాటైపోయాయి. పెళ్లయ్యాక మాత్రం అలవాటు లేని ప్రశ్న ఒకటి ఎదురైంది. పిల్లల్ని కనొచ్చా?

చుట్టాల్లో కొందరు "అమ్మో, షుగర్ పెట్టుకునా?" అనేవాళ్లు. ఇంకొందరు "ఏం కాదులే, మా చెల్లెలికీ కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చింది, బిడ్డ బంగారంలా పుట్టాడు" అనేవాళ్లు. మొదటి మాట భయపెట్టి ఊరుకుంటుంది. రెండో మాటతో ఇంకా ఇబ్బంది. వినడానికి ధైర్యంగా ఉంటుంది కానీ ఆ చెల్లెలి సంగతి వేరు, నా సంగతి వేరు. గర్భంలో కొత్తగా వచ్చే షుగర్ మామూలుగా సగం నెలలు గడిచాకే బయటపడుతుంది. దానికి పరీక్ష చేసేది 24 నుంచి 28 వారాల మధ్య. అప్పటికి బిడ్డ అవయవాలన్నీ ఏర్పడి ఉంటాయి. ముందునుంచే షుగర్ ఉన్నవాళ్లకు అలా కాదు, అవయవాలు ఏర్పడే రోజుల్లో కూడా తల్లి రక్తంలో షుగర్ ఉంటుంది. ఎంత ఉంది అన్నదే అసలు ప్రశ్న.

ఈ తేడా నాకు అర్థమయ్యేలా చెప్పింది మా షుగర్ డాక్టరమ్మ. "కనొచ్చమ్మా. కాకపోతే ఎప్పుడన్నది మనం నిర్ణయించుకోవాలి" అంటూ ఒక కాగితం మీద గీత గీసి వారాలు వేశారు. గర్భాన్ని ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కేస్తారు. అంటే నెల తప్పిన రోజుకే నాలుగు వారాలు. మెదడు, వెన్నుపాముగా మారే గొట్టం ఆరో వారం కల్లా మూసుకుపోతుంది. గుండె కూడా అప్పటికే కొట్టుకోవడం మొదలుపెడుతుంది. పది వారాలకల్లా ముఖ్యమైన అవయవాలన్నిటికీ రూపం వచ్చేస్తుంది. ఇప్పుడు మామూలుగా జరిగేది చూడండి. నెల తప్పిందని అనుమానం, ఇంకో నాలుగు రోజులు చూద్దామనుకోవడం, పరీక్ష, ఇంట్లో చెప్పడం, అపాయింట్‌మెంట్ దొరకడం. డాక్టర్ ఎదురుగా కూర్చునేసరికి వెన్నుపాము పని అయిపోయి ఉంటుంది. షుగర్ తగ్గించడం అప్పుడు మొదలుపెడితే ఆ వారాలకు అది అందదు.

ఆ సమయంలో షుగర్ ఎక్కువగా ఉంటే గర్భం నిలవకపోయే ప్రమాదం, గుండెలో, వెన్నుపాములో లోపాలు వచ్చే ప్రమాదం పెరుగుతాయి. ఏ ఇబ్బందీ లేని తల్లులకు పుట్టే పిల్లల్లో కూడా నూటికి ఇద్దరు ముగ్గురికి ఏదో ఒక లోపం ఉంటుంది. షుగర్ అదుపులో ఉంచుకుని గర్భం దాల్చినవాళ్లకు ప్రమాదం దాదాపు ఆ దగ్గరికే వస్తుంది. అదుపు తప్పినకొద్దీ పెరుగుతుంది. ఇది విన్నాక నాకు భయం పెరగలేదు, తగ్గింది. నా చేతిలో ఏమీ లేదనుకున్న విషయంలో చాలా భాగం నా చేతిలోనే ఉందని తెలిసింది కదా.

అలా పిల్లలు కావాలని వెళ్లిన నాకు డాక్టరమ్మ మొదట రాసిచ్చింది పిల్లలు పుట్టకుండా ఉండే మందు. షుగర్ దారికి వచ్చేదాకా గర్భనిరోధకం మానకూడదని గట్టిగా చెప్పారు. షుగర్ ఉన్న అమ్మాయిలకు పెళ్లి మాటలు నడిచే రోజుల్లోనే ఈ సంగతి ఎవరైనా చెప్పాలని నా గట్టి అభిప్రాయం. "ప్లాన్ చేసుకోండి" అని అందరూ అంటారు. ఆ ప్లాన్‌లో మొదటి మెట్టు ఇదేనని ఎవరూ నోరు తెరిచి చెప్పరు. ఇంట్లో దీన్ని ఒప్పించడం కూడా ఒక పనే. "ఇంకా మాత్రలెందుకమ్మా, ఆలస్యమైపోవట్లేదూ?" అని మా అత్తయ్య అడిగారు. ఆవిడ తప్పేం లేదు, పైకి చూస్తే నేను వాయిదా వేస్తున్నట్టే ఉంటుంది. మా ఆయన ఆ గీత గీసిన కాగితం తెచ్చి ఆవిడ ముందు పెట్టి, ఏ వారంలో ఏం జరుగుతుందో చెప్పారు. ఆ తర్వాత అత్తయ్య అడిగే ప్రశ్న మారింది. "ఈసారి రిపోర్టులో ఎంతొచ్చింది?" అనేవారు.

రిపోర్టు అంటే హెచ్‌బీఏ1సీ. గడిచిన రెండు మూడు నెలల్లో షుగర్ సగటున ఎలా ఉందో అది చెబుతుంది. మొదలుపెట్టినప్పుడు నాది 8.2 శాతం. గర్భానికి ముందు 6.5 కన్నా తక్కువ ఉంటే మంచిదని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ అంటుంది. బ్రిటన్ మార్గదర్శకాల్లోనూ దాదాపు అదే అంకె. 10 దాటి ఉంటే, అది తగ్గేదాకా గర్భం వద్దని బ్రిటన్ వాళ్లు చెబుతారు. ఒక సంగతి ఇక్కడే చెప్పాలి. 6.5 అంటే దానికన్నా దిగితే పాస్, దిగకపోతే ఫెయిల్ అనే గీత కాదు. 9 నుంచి 7.5కి వచ్చినా ప్రమాదం నిజంగానే తగ్గుతుంది. అందరి శరీరాలూ 6.5కి రావు, కొందరు ఆ అంకె కోసం పరిగెత్తితే లో షుగర్‌తో పడిపోతారు. ఎవరి లక్ష్యం వాళ్ల డాక్టర్‌తో కూర్చుని పెట్టుకోవాల్సిందే.

షుగర్ పని మొదలుపెట్టడానికి ముందు నా మందుల డబ్బా మొత్తం బల్ల మీద పోయించారు. మూత్రంలో కొంచెం ప్రొటీన్ పోతోందని కిడ్నీల రక్షణకు 'ప్రిల్' అని ముగిసే బీపీ మందు ఒకటి వాడుతున్నాను. ఆ రకం మందులు, 'సార్టాన్' అని ముగిసేవి గర్భంలో బిడ్డ కిడ్నీలకు హాని చేస్తాయి. దాన్ని ఆపి, గర్భంలో వాడే బీపీ మందు లాబెటలాల్ ఇచ్చారు. కొలెస్టరాల్‌కు వాడే స్టాటిన్ కూడా ఆపించారు. ఇది చదివి ఎవరూ తమంతట తాము మందులు ఆపకండి. బీపీ మందు ఊరికే ఆపితే అదొక కొత్త సమస్య. బదులు ఏం వాడాలో రాయించుకున్నాకే మార్చాలి.

వెయిటింగ్ హాల్లో పరిచయమైన ఒకావిడకు టైప్ 2. "నాది మాత్రల షుగరే కదా, మీకున్నంత బాధ లేదు" అనేది. లోపల డాక్టరమ్మ ఆ మాట ఒప్పుకోలేదట. బిడ్డ దృష్టిలో తల్లికి ఏ టైపు అన్నది లేదు, రక్తంలో ఎంత షుగర్ ఉందన్నదే ఉంది. ఆవిడకు మెట్‌ఫార్మిన్ ఉంచి మిగతా మాత్రల స్థానంలో ఇన్సులిన్ మొదలుపెట్టారు. ఈ మధ్య బరువు తగ్గడానికి ఎక్కువగా వాడుతున్న సెమాగ్లూటైడ్ లాంటి ఇంజెక్షన్లు తీసుకుంటున్నవాళ్లు ఇంకా ముందే మేలుకోవాలి. అది ఒంట్లోంచి పోవడానికి చాలా వారాలు పడుతుంది కాబట్టి గర్భం కోసం ప్రయత్నించడానికి కనీసం రెండు నెలల ముందే ఆపాలి.

తర్వాత ఫోలిక్ యాసిడ్. మామూలుగా గర్భం కోరుకునే వాళ్లందరికీ 400 మైక్రోగ్రాములు సరిపోతాయి. షుగర్ ఉన్నవాళ్లకు వెన్నుపాము లోపాల ప్రమాదం కొంచెం ఎక్కువ కాబట్టి నాకు రోజుకు 5 మిల్లీగ్రాములు రాశారు. అన్ని దేశాల డాక్టర్లూ ఇంత మోతాదే ఇవ్వరు, అడిగి వాడాలి. దీన్ని నెల తప్పాక మొదలుపెడితే ముందు చెప్పిన కారణంగానే సగం ప్రయోజనం పోతుంది. గర్భనిరోధకం ఇంకా వాడుతూనే ఫోలిక్ యాసిడ్ కూడా వేసుకుంటుంటే మా ఆయనకు నవ్వొచ్చేది. ఒకటి తలుపు మూసే మాత్ర, ఒకటి ఇల్లు సర్దే మాత్ర అనేవారు.

థైరాయిడ్, కిడ్నీ, బీపీ పరీక్షలు మామూలుగానే జరిగిపోయాయి. టైప్ 1 ఉన్నవాళ్లలో థైరాయిడ్ తేడాలు ఎక్కువ కాబట్టి అది తప్పకుండా చూస్తారు. రుబెల్లా టీకా పడిందో లేదో కూడా అడిగారు. గర్భంలో ఆ టీకా వెయ్యరు, వేయించుకున్నాక కూడా నెల రోజులు ఆగాలి. కాబట్టి అదీ ఈ ముందు నెలల్లో తేల్చుకోవాల్సిన పనే.

కళ్ల దగ్గర కొంచెం ఆగాల్సి వచ్చింది. చుక్కల మందు వేసి కంటి లోపలి పొర రెటీనాను చూస్తే అక్కడక్కడా చిన్న రక్తపు చుక్కలు కనిపించాయి. చూపులో తేడా ఏమీ లేదు. అయితే రెండు సంగతులు చెప్పారు. గర్భం వల్ల రెటీనా జబ్బు ముదిరే అవకాశం ఉంది. షుగర్‌ను ఒక్కసారిగా బాగా తగ్గించినా కొన్నాళ్లు అది ముదరొచ్చు. లేజర్ అవసరమయ్యే దశలో ఉంటే అది చేయించుకుని, కుదురుకున్నాకే గర్భం అనుకోవాలి. నాకు లేజర్ అక్కర్లేదు కానీ షుగర్‌ను మెల్లగా దింపడమే మంచిదన్నారు. తొందరపడి ఒక నెలలోనే అంతా తగ్గించేద్దామనుకునేవాళ్లకు ఈ కళ్ల సంగతి ఎవరూ చెప్పరు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఇక అసలు కష్టం. 8.2 నుంచి 7.3 దాకా రావడం పెద్ద విషయం కాలేదు. ఎక్కువ పని చేసింది చాలా చిన్న మార్పు. ఇన్సులిన్ తీసుకోగానే తినడం మానేసి, పదిహేను ఇరవై నిమిషాలు ఆగి తినడం. మందు పని మొదలయ్యేసరికి తిండి వెళ్లేది. అంతకుముందు తిండి ముందు పరిగెత్తితే మందు వెనక పడేది. పళ్లెంలో పిండిపదార్థం ఎన్ని గ్రాములుందో లెక్కగట్టి దానికి తగ్గట్టు యూనిట్లు వేసుకోవడం డైటీషియన్ దగ్గర మళ్లీ మొదటి నుంచీ నేర్చుకున్నాను. ఎన్నో ఏళ్లుగా ఇన్సులిన్ వాడుతున్నా, అప్పటిదాకా అంతా కంటి అంచనాయే. తిన్నాక కాసేపు నడక.

ఏడు దగ్గర మాత్రం బండి ఆగిపోయింది. నెల తర్వాత నెల అదే అంకె. పగలంతా మీటర్‌లో బాగానే ఉంటుంది, రిపోర్టు మాత్రం కదలదు. ఎక్కడ తేడా వస్తోందో తెలుసుకోవడానికి చేతికి సెన్సర్ పెట్టారు. అది చర్మం కింద నుంచి కొన్ని నిమిషాలకోసారి షుగర్ చూసి ఫోన్‌లో గీత గీస్తుంది. ఆ గీతలో దొంగ దొరికాడు. తెల్లవారుజాము మూడు నాలుగు గంటల నుంచి షుగర్ మెల్లగా ఎక్కడం మొదలుపెడుతోంది. ఆ వేళ శరీరం విడుదల చేసే హార్మోన్ల వల్ల చాలామందికి అలా జరుగుతుంది. నేను లేచి వేలు గుచ్చుకునేసరికి కొంచెం ఎక్కువగా కనిపించేది, దాన్ని సరిచేసి మర్చిపోయేదాన్ని. లేవకముందు ఎన్ని గంటలు పైన ఉందో తెలిసేది కాదు. రాత్రి ఇన్సులిన్ రకం, వేళ మార్చాక అంకె మళ్లీ కదిలింది.

సెన్సర్ అందరికీ అందుబాటులో ఉండదని తెలుసు. లేకపోతే రాత్రి మధ్యలో అలారం పెట్టుకుని కొన్ని రోజులు వేలు గుచ్చి చూసినా ఇదే దొరుకుతుంది, నిద్ర పోతుందంతే. టైప్ 1 ఉన్న గర్భిణుల మీద 2017లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో సెన్సర్ పెట్టుకున్నవాళ్లకు రోజుకు సుమారు 100 నిమిషాలు ఎక్కువగా షుగర్ హద్దుల్లో ఉందని తేలింది. వాళ్ల పిల్లల్లో మరీ పెద్దగా పుట్టినవాళ్లు, ఐసీయూలో ఉంచాల్సి వచ్చినవాళ్లు తక్కువ. గంటన్నర తేడాకే అంత ఫలితమా అని నాకు ఆశ్చర్యం వేసింది.

షుగర్ కిందికి వస్తున్నకొద్దీ లో షుగర్లు పెరిగాయి. ఇదే నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టింది. పైగా తరచూ పడిపోతుంటే శరీరం హెచ్చరించడం మానేస్తుంది. ఇదివరకు 70 దగ్గరే చేతులు వణికి చెమట పట్టేది. ఆ నెలల్లో 55 వచ్చినా ఏమీ తెలిసేది కాదు, మాట మాత్రం తడబడేది. ఒక రాత్రి నేను అర్థం లేకుండా మాట్లాడుతుంటే మా ఆయన లేచి గ్లూకోజ్ నీళ్లు పట్టారు. మర్నాడు నాకేమీ గుర్తు లేదు.

రిపోర్టులో 6.6 వచ్చిందని సంబరంగా వెళితే డాక్టరమ్మ సెన్సర్ గీత చూసి ముఖం ముడుచుకున్నారు. "ఇది మంచి 6.6 కాదమ్మా. సగం పైన, సగం కింద తిరిగి సగటు బాగుంది" అన్నారు. కొన్ని వారాల పాటు కావాలనే లక్ష్యాన్ని కొంచెం పైకి జరిపి, ఒక్క లో కూడా రాకుండా చూసుకోమన్నారు. నాకు కోపం వచ్చింది. ఇంత కష్టపడి దించితే మళ్లీ పెంచమంటారేంటని. కానీ అలా కొన్నాళ్లు లో రాకుండా ఉంటే పోయిన హెచ్చరికలు తిరిగి వస్తాయి. నాకూ వచ్చాయి, చేతులు వణకడం తిరిగి మొదలైనందుకు సంతోషపడటం విచిత్రమే. ఈ దశలోనే ఇంట్లో అందరికీ నేర్పించారు. స్పృహ ఉంటే 15 గ్రాముల గ్లూకోజ్ ఇచ్చి 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడాలి, షుగర్ పెరగకపోతే ఇంకోసారి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకూడదు, షుగర్ పెంచే గ్లూకగాన్ అనే మందు ఇవ్వాలి, ఆసుపత్రికి ఫోన్ చెయ్యాలి. గ్లూకగాన్ గర్భంలో కూడా వాడొచ్చు.

ఈ నెలల్లో మనసు ఎలా ఉంటుందో ఎవరూ అడగరు. ప్రతి అంకె నేను తల్లిగా పనికొస్తానా లేదా అని తీర్పు చెబుతున్నట్టుండేది. 180 వస్తే ఇంకా కడుపున పడని బిడ్డకు క్షమాపణ చెప్పుకునేదాన్ని. ఈ మాట డైటీషియన్‌తో అంటే ఆవిడ నా నోట్‌బుక్కులో 'బాగుంది', 'చెడ్డది' అని రాసుకున్నవన్నీ కొట్టేయించి, 'ఎక్కువ', 'తక్కువ' అని మాత్రమే రాయమన్నారు. చిన్న సలహాయే, టెన్షన్ మాత్రం నిజంగా తగ్గింది.

చివరికి 6.4 వచ్చింది, లో షుగర్లు తక్కువగానే ఉన్నాయి. మాత్రలు ఆపేశాం. ఆపిన వెంటనే గర్భం రాలేదు. ఆ ఎదురుచూపు ఎవరికైనా కష్టమే కానీ షుగర్ ఉన్నవాళ్లకు ఇంకో బరువు ఉంటుంది. ఏ నెలైనా అదే నెల కావచ్చు కాబట్టి ఏ నెలా చేతులు వదలడానికి లేదు.

గర్భ పరీక్షలో గీత పడ్డ రోజే డాక్టరమ్మకు ఫోన్ చేశాను. ఆ వారంలోనే చూశారు. లక్ష్యాలు ఇంకా కిందికి జరిగాయి. పొద్దున్న తినకముందు 95 లోపు, తిన్న గంటకు 140 లోపు, రెండు గంటలకు 120 లోపు. ముందు నెలల సాధన లేకపోతే ఈ అంకెలు చూసి కూర్చుని ఏడ్చేదాన్ని. అప్పటికి మాత్రం అవి నేను రోజూ చూస్తున్న అంకెలకు దగ్గరగానే ఉన్నాయి.

మూడో నెల దగ్గర ఇన్సులిన్ అవసరం బాగా తగ్గింది. తొమ్మిది నుంచి పదహారు వారాల మధ్య చాలామందికి ఇలా తగ్గుతుంది, గట్టి లో షుగర్లు ఎక్కువగా వచ్చేదీ అప్పుడే. దానికి తోడు వేవిళ్లు. ఇన్సులిన్ తీసుకుని తిన్నది వాంతి అయిపోతే ఒంట్లో మందు ఉంటుంది, తిండి ఉండదు. అలాంటి రోజుల్లో ముందు తిని, కడుపులో నిలిచాక, తిన్నంతకు సరిపడా ఇన్సులిన్ తీసుకోమన్నారు. తిన్నాక గంటకు షుగర్ కొంచెం పెరిగినా ఫరవాలేదు. ఇన్సులిన్ పూర్తిగా మానెయ్యడం మాత్రం ఎప్పుడూ కూడదు. ఇన్సులిన్ చాలక శరీరం కొవ్వును కరిగించుకుంటే వచ్చే ఆమ్లాలే కీటోన్లు. గర్భంలో అవి తొందరగా పేరుకుంటాయి, షుగర్ మరీ ఎక్కువ లేకపోయినా రక్తం ఆమ్లంగా మారే కీటోఅసిడోసిస్ రావచ్చు. అందుకే కీటోన్ స్ట్రిప్పులు ఇంట్లో ఉంచారు. ఆగని వాంతులతో పాటు కీటోన్లు కనిపిస్తే ఇంట్లో ఉండిపోవద్దు, నేరుగా ఆసుపత్రికే రమ్మన్నారు.

పన్నెండు వారాలు దాటాక రాత్రిపూట తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెట్టారు. షుగర్ ఉన్నవాళ్లకు గర్భంలో బీపీ పెరిగి వచ్చే ప్రీఎక్లాంప్సియా ప్రమాదం ఎక్కువ, దాన్ని కొంత తగ్గించడానికి. ఐదో నెలలో బిడ్డ అవయవాల్లో లోపాలున్నాయేమో చూసే అనామలీ స్కాన్, ఆ తర్వాత బిడ్డ గుండెకు విడిగా స్కాన్. ఆ గది బయట కూర్చున్నంతసేపూ నాకు ఆ కాగితం మీది గీతే గుర్తొచ్చింది. గుండెలో నాలుగు గదులూ సరిగా ఉన్నాయన్నారు.

ఆ తర్వాత కథ తిరగబడింది. ఇన్సులిన్ వారం వారం పెరుగుతూ పోయి, చివరికి గర్భానికి ముందు తీసుకున్న దానికి రెట్టింపు దాటింది. అమ్మ కంగారుపడింది, జబ్బు ముదిరిందేమోనని. మాయ నుంచి వచ్చే హార్మోన్లు ఇన్సులిన్ పనిని అడ్డుకుంటాయి, మాయ పెరిగేకొద్దీ మందూ పెరగాలి, అంతే. దాదాపు అందరికీ ఇలాగే జరుగుతుంది. ఆఖరి నెలల్లో కారణం లేకుండా ఇన్సులిన్ అవసరం ఒక్కసారిగా పడిపోతే మాత్రం మాయ పనితీరు చూడాల్సి రావచ్చు, వెంటనే ఫోన్ చెయ్యమన్నారు. ఇంకో సంగతి, ఆ నెలల్లో హెచ్‌బీఏ1సీ 5.9 వచ్చిందని మురిసిపోనివ్వలేదు. గర్భంలో ఎర్ర రక్తకణాలు తొందరగా మారిపోతుంటాయి కాబట్టి ఆ అంకె ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. రోజువారీ రీడింగులే అప్పుడు ఆధారం.

బిడ్డ ఎందుకు మరీ పెద్దగా పెరుగుతుందో కూడా అప్పుడే అర్థమైంది. దీన్ని వివరించినవాడు డెన్మార్క్ డాక్టర్ యోర్గెన్ పెడెర్సెన్, 1950ల్లో. తల్లి షుగర్ మాయ దాటి బిడ్డకు వెళుతుంది, తల్లి ఇన్సులిన్ వెళ్లదు. వచ్చిన షుగర్‌ను సర్దుకోవడానికి బిడ్డ తన ఇన్సులిన్ తానే ఎక్కువగా తయారుచేసుకుంటుంది. ఆ ఇన్సులినే బిడ్డలో కొవ్వు పెంచుతుంది. పుట్టి బొడ్డుతాడు కోశాక తల్లి షుగర్ ఆగిపోతుంది, బిడ్డ ఇన్సులిన్ మాత్రం ఇంకా ఎక్కువగానే ఉంటుంది, అందుకే పుట్టగానే కొందరు పిల్లలకు షుగర్ పడిపోతుంది.

కాన్పు గురించి పెద్దగా చెప్పడానికి లేదు. 38 వారాలకు నొప్పులు తెప్పించారు, అవి ముందుకు సాగకపోతే ఆపరేషన్ చేశారు. ఆ సమయమంతా ఇన్సులిన్, గ్లూకోజ్ డ్రిప్పులు నడిచాయి, గంట గంటకూ షుగర్ చూశారు. మాయ బయటికి రాగానే ఇన్సులిన్ అవసరం ఒక్కసారిగా పడిపోతుంది. ఆ తర్వాత ఎన్ని యూనిట్లు తీసుకోవాలో ముందే కాగితం మీద రాయించి పెట్టుకోవడం మంచిదయింది, ఎందుకంటే అప్పుడు లెక్కలు వేసే ఓపిక ఎవరికుంటుంది? పాపకు అరగంటలోపే పాలు పట్టించి, మడమ గుచ్చి షుగర్ చూశారు. మొదటిసారి కొంచెం తక్కువ, మళ్లీ పట్టాక సరిపోయింది. ఐసీయూ అక్కర్లేదన్నారు.

పాలిచ్చే నెలల్లో మళ్లీ లో షుగర్లు. రాత్రి పాలిచ్చేటప్పుడు పక్కన గ్లూకోజ్ లేకుండా కూర్చునేదాన్ని కాదు. కళ్ల పరీక్ష కాన్పు తర్వాత కూడా మానకూడదని, ఏడాది దాకా చూపించుకోవాలని చెప్పారు. నా రెటీనా నాలుగో నెలలో కొంచెం ముదిరి, తర్వాత దానంతటదే తగ్గింది.

ఇప్పుడు ఇంటికి వచ్చినవాళ్లంతా అడిగేది ఒక్కటే, పాపకు కూడా షుగర్ వస్తుందా అని. తల్లికి టైప్ 1 ఉండి, పాతికేళ్లు దాటాక కంటే బిడ్డకు వచ్చే అవకాశం సుమారు నూటికి ఒకటి. అంతకన్నా చిన్న వయసులో కంటే సుమారు పాతికలో ఒకటి. తండ్రికి ఉంటే ఇంకా ఎక్కువ, పదిహేడులో ఒకటి. నేను కన్నది ముప్పై దాటాక. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, కారణం లేకుండా బరువు తగ్గడం కనిపిస్తే వెంటనే చూపించాలి, అప్పటిదాకా ఊరికే వేలు గుచ్చి చూడొద్దని పిల్లల డాక్టర్ చెప్పారు. ఆ మాటే మా అత్తయ్య ఇప్పుడు వచ్చినవాళ్లందరికీ చెబుతున్నారు, నేను నోరు తెరిచే అవసరమే రావట్లేదు.